వెండితెరకు ఎక్కవలసిన మన ప్రాంతపు పాట

శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలెనని పెద్దలు మమ్మును కోరారు. మిషనెరీల రాకను గూర్చి, మందిరాల నిర్మాణాన్ని గూర్చి, పాఠశాలలను ఆసుపత్రులను గూర్చి మాకంటె బాగా ఎరిగినవారు ఉన్నారు, వారు వ్రాస్తారు. అందుచేత మేము మరొక దారి పట్టాము. మన శృంగవరపుకోట చుట్టుపట్ల, విజయనగరం, సాలూరు, బొబ్బిలి ప్రాంతాలలో నూరేళ్ల పైచిలుకుగా సాగివచ్చిన సంగీతాన్ని గూర్చి, దానిని ఎవరైనా ఒక మంచి చలనచిత్రముగా తీయవలసిన అవసరాన్ని గూర్చి నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాము.

"గుడి సంచికలో సినిమా సంగతి ఎందుకు అయ్యగారూ?" అని కొందరు అడుగవచ్చు. అడగడం న్యాయమే. మా జవాబు ఇది. మన ప్రజలు తమ గాయకుల చరిత్రను పుస్తకాలలో కంటె తెర మీదనే ఎక్కువగా తెలిసికొన్నారు. త్యాగరాజు జీవితమంటే 1946లో నాగయ్యగారు నటించి దర్శకత్వం వహించిన "త్యాగయ్య" మన తాతల కన్నుల ముందు మెదిలేది. 1981లో బాపుగారు అదే కథను మరల తీశారు. 1997లో "అన్నమయ్య", 2006లో "శ్రీరామదాసు" వచ్చి ఆ పేర్లను ఇంటింటికి తెచ్చాయి. 2018లో "మహానటి" వచ్చిన తరువాత, సావిత్రి పేరు సరిగా ఎరుగని పిల్లలు సైతం ఆమె పాత చిత్రాలను వెదకి చూశారు. తెరకెక్కిన జీవితం జ్ఞాపకంలో నిలుస్తున్నది, ఎక్కనిది మెల్లగా జారిపోతున్నది. ఇది మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. జరుగుతున్నది మాత్రం ఇదే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పవలెను. 1980లో విడుదలైన "శంకరాభరణం" చిత్రంలో శంకరశాస్త్రి పాత్ర వేసిన జె.వి. సోమయాజులుగారు మన ఉత్తరాంధ్ర బిడ్డ. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టి, విజయనగరంలో తమ్ముడు రమణమూర్తిగారితో కలిసి "కన్యాశుల్కం" నాటకం ఆడి పేరు తెచ్చుకొన్నవారు. ఆ ముఖం మనది. అయితే ఆ కథ కల్పితం. కల్పిత గాయకునికి మన మనిషి రూపమిచ్చాడు గాని, మన నేల మీద నిజంగా నడచిన గాయకుల కథ ఇంకా అంత విపులంగా తెర మీద పరచబడవలసియే ఉన్నది.

చూపులేని బాలుని కొరకు వెలసిన పాఠశాల

మన ఊరికి ముప్పై కిలోమీటర్లకు కాస్త పైన ఉన్న విజయనగరం ఆ కథకు నడిబొడ్డు. ఇప్పుడు మనది విజయనగరం జిల్లా. 1979 జూన్ 1న ఆ జిల్లా ఏర్పడే వరకు మన తాలూకా విశాఖపట్నం జిల్లాలోనిది. జిల్లా ఏదైనా పాట విషయంలో మనం ఎప్పుడూ విజయనగరం నీడలోనే ఉన్నాము.

1919లో మహారాజా విజయరామ గజపతి అక్కడ ఒక సంగీత పాఠశాల నెలకొల్పారు. దాని పుట్టుకను గూర్చి ఆ ఊరివారు చెప్పుకొనే సంగతి మనసును తాకుతుంది. ఆస్థానంలోని ఒక ఉద్యోగికి చూపులేని కుమారుడుండేవాడట. ఆ పిల్లవానికి సంగీతమంటే ప్రాణం. వానిని దక్షిణాదికి పంపి నేర్పించుటకంటె ఇక్కడనే పాఠశాల పెట్టిన యెడల వానితోపాటు పదిమందీ నేర్చుకొందురు గదా అని మహారాజా తలచారట. ఒక్క బాలుని లోటు ఒక ఊరికి వరమైనది. ఆ విజయరామ గాన పాఠశాలయే నేటి మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. 2019లో దానికి నూరేళ్లు నిండాయి.

దానికి మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1864లో బొబ్బిలి ప్రాంతపు అజ్జాడ గ్రామంలో పుట్టారు. హరికథా పితామహుడన్న పేరు ఆయనది. హరికథ అనగా ఒక్క మనిషే కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, కథ చెబుతూ, పాట పాడుతూ, ఆడుతూ వేలమందిని రాత్రంతా కూర్చుండబెట్టే విద్య. మైకులు లేని కాలమది. రెండు చేతులు, రెండు పాదాలు, శిరస్సు ఒక్కొక్కటి ఒక్కొక్క తాళం నడుపగా ఏకకాలంలో అయిదు తాళాలు చూపేవారని ఆయనకు ప్రసిద్ధి. అందుకే లయబ్రహ్మ అన్నారు. ఆయన పండితుడు కూడా. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోనికి, అచ్చ తెలుగులోనికి తెచ్చారు. తన జీవితాన్ని "నా యెఱుక" అన్న పేరుతో తానే వ్రాసుకొన్నారు. సినిమా తీసేవారికి ఇంతకంటె ఏమి కావలెను? కథానాయకుడు తన కథను తన నోటితోనే చెప్పి ఉంచాడు.

విద్యార్థిగా వచ్చి గురువైన మనిషి

ఆ పాఠశాల తెరచిన కాలంలోనే ఇరవైయారేండ్ల యువకుడొకడు అక్కడ చేరుటకు విశాఖపట్నం నుండి వచ్చాడు. పేరు ద్వారం వెంకటస్వామినాయుడు. 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖలో పెరిగినవాడు. అన్నగారి వద్ద ఫిడేలు నేర్చుకొన్నాడు. కంటిచూపు చాల తక్కువ. నేర్చుకొనుటకు వచ్చిన ఆ మనిషి ఫిడేలు వినిన నారాయణదాసుగారు, నీవు విద్యార్థిగా ఉండదగినవాడవు కావని ఆయనను అక్కడనే ఫిడేలు ఆచార్యునిగా నియమింపజేశారు. ప్రవేశము కోరి వచ్చినవానికి పీఠము దొరికినది.

ఈ ఘట్టంలో మేము నాయుడుగారి ప్రతిభను ఎంత చూస్తామో, నారాయణదాసుగారి మనసును అంత చూస్తాము. తనకు పోటీ రాగల ప్రతిభ గుమ్మంలో నిలబడినప్పుడు తలుపు వేయడం లోకపు అలవాటు. ఆయన తలుపు తీశారు. పైగా పక్కన కుర్చీ వేశారు. 1936లో నారాయణదాసుగారి తరువాత అధ్యక్ష పదవి నాయుడుగారికే వచ్చినది.

ఫిడేలు మన దేశపు వాద్యం కాదని మీకు తెలిసినదే. సుమారు రెండు వందల ఏండ్ల క్రితం ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్యుల వద్ద దానిని నేర్చి మన సంగీతానికి అలవరచారు. ఆ తరువాత చాలకాలం అది గాయకుని పక్కన కూర్చుండే వాద్యముగానే ఉండినది. నాయుడుగారు దానిని ముందుకు తెచ్చి, ఒంటరిగా కచేరీ చేసి నిలబెట్టినవారిలో ప్రథములు. 1938లో వెల్లూరులో ఆయన తొలి సోలో కచేరీ జరిగినది. నిడివైన నిండు కమాను ఆయన సొత్తు. ప్రపంచ ప్రఖ్యాతుడైన ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చినప్పుడు ఆయన వాద్యం విని మెచ్చుకొన్నాడు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1957లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చాయి. 1964 నవంబరులో కాలం చేశారు. పడమటి వాద్యం మీద తూర్పు పాట వాయించి, పడమటి విద్వాంసుని మెప్పు పొందిన ఆ మనిషి పనిచేసినది మన పక్క ఊరిలో.

జోలె పట్టిన విద్యార్థి

ఇక ఈ కథలో అందరికి తెలిసిన పేరు ఘంటసాల వెంకటేశ్వరరావుగారిది. 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్యగారు తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. సంగీతం నేర్చుకొనవలెనన్న తండ్రి కోరికను తీర్చుటకు, చేతి ఉంగరం అమ్మి, ఆ డబ్బుతో ఆ బాలుడు విజయనగరం చేరాడు.

అక్కడ కొంతకాలం ఆయన జోలె భుజాన వేసికొని మధుకరం ఎత్తి చదువుకొన్నారు. తేనెటీగ పువ్వు పువ్వున వాలినట్లు ఇల్లిల్లు తిరిగి తలొక ముద్ద అన్నం అడిగి తెచ్చుకొనుటను మధుకరమంటారు. తరువాతి కాలంలో తెలుగుదేశమంతటికి గొంతు అయిన మనిషి, ఆ ఊరి వీధులలో గుమ్మాల ముందు నిలబడి అమ్మా అని పిలిచినవాడే.

ఆయనను చేరదీసి విద్య నేర్పినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరి చినగురువుగారని పేరు. ఫీజులు, లెక్కలు చూడలేదు, ఇంట ఉంచుకొని చెప్పారు. శాస్త్రిగారికి హార్మోనియం మీద గొప్ప పట్టు ఉండేది. మన మందిరాలలో హార్మోనియం లేని ఆరాధనను ఊహింపలేము గనుక ఈ మాట మనవారికి ప్రీతి కలిగిస్తుంది. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశంలో రూపొంది, మిషనెరీలతోను ఇతరులతోను మన దేశానికి వచ్చి, ఇక్కడి నేల కూర్చుండే అలవాటుకు తగినట్లు చిన్న పెట్టెగా మారిన వాద్యం అది. స్వరానికి స్వరానికి నడుమ ఉన్న ఊగులాటను, అనగా గమకాన్ని, దాని మెట్లు పలుకలేవని పండితుల ఆక్షేపణ. 1940 నుండి 1971 వరకు ఆకాశవాణి హార్మోనియంను తన స్టూడియోలలోనికి రానీయలేదు. అట్టి వాద్యాన్ని ప్రక్కన పెట్టుకొని శాస్త్రిగారు దానిచేత గమకము పలికింపజూచారు.

ఘంటసాలగారు విద్వాన్ పట్టా పుచ్చుకొన్న తరువాత 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. ఆ తరువాత మద్రాసు చేరి, 1945 నాటి "స్వర్గసీమ" తో చిత్రాలలో పాడడం మొదలుపెట్టారు. "పాతాళభైరవి", "మాయాబజార్", "లవకుశ" మొదలైన చిత్రాలకు సంగీతం కూర్చారు. 1974 ఫిబ్రవరి 11న మరణించారు. ఇవన్నీ లోకానికి తెలిసినవి. లోకానికి అంతగా తెలియనిది ఒకటి ఉన్నది. మద్రాసులో ఆయన ప్రక్కన ఏండ్ల తరబడి హార్మోనియం వాయించి, సంగీత సహాయకుడుగా నిలిచినవారు పట్రాయని సంగీతరావుగారు. ఆయన చినగురువుగారి కుమారుడే. తండ్రి పెట్టిన అన్నాన్ని శిష్యుడు మరువలేదు, తండ్రి శిష్యుని కుమారుడు విడువలేదు. సంగీతరావుగారు తరువాత వెంపటి చినసత్యంగారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చి, నూరేళ్లు నిండిన మీదట 2021లో కన్నుమూశారు.

అదే కళాశాలలో డిప్లొమా చదివిన విజయనగరం ఆడపిల్ల పి. సుశీల. 1935లో ఆ ఊరి న్యాయవాది ఇంట పుట్టారు. ఘంటసాలగారితో కలిసి ఆమె పాడిన యుగళగీతాలు తెలుగువారి చెవులలో ఇంకను మ్రోగుతున్నాయి. ఒకరు జోలెతో పరాయి జిల్లా నుండి వచ్చినవారు, ఒకరు ఆ ఊరి ఇంటి బిడ్డ. ఇద్దరూ ఒకే గుమ్మం దాటి బయటికి వచ్చారు. 2016లో గిన్నిస్ వారు ఆమె పాడిన పాటలను 17,695గా లెక్కించి నమోదు చేశారు.

సాలూరు కొండలు, బొబ్బిలి కొయ్య

ఈ సంగీతం విజయనగరం కోట గోడల మధ్యనే ఉండిపోలేదు. సాలూరు ప్రక్కన శివరామపురంలో 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారు పదమూడవ ఏట, 1935లో, "శ్రీకృష్ణలీలలు" చిత్రంలో కృష్ణుడుగా కనిపించారు. తరువాత సంగీత దర్శకులై 1951 నాటి "మల్లీశ్వరి"కి, 1955 నాటి "మిస్సమ్మ"కు కూర్చిన పాటలు ఇప్పటికి వాడలేదు. శ్రీకాకుళం ప్రాంతపు ప్రియాగ్రహారంలో 1913లో పుట్టిన శ్రీపాద పినాకపాణిగారు వైద్యవృత్తి చేస్తూనే కర్ణాటక సంగీతానికి గురువులకు గురువైనారు. వారి వద్ద నేర్చిన నేదునూరి కృష్ణమూర్తిగారు అంతకు ముందు విజయనగరం కళాశాలలో ఓనమాలు దిద్దినవారే.

పాడేవారికి వాద్యం చేసి ఇచ్చేవారు కూడ ఉండవలెను గదా. బొబ్బిలి ప్రక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలవారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనస దుంగనొకదానిని తీసికొని, కుండ, దండి వేరు వేరుగా అతుకకుండా, ఒకే కొయ్యనుండి తొలిచి తీస్తారు. దానినే ఏకాండి వీణ అంటారు. 2011లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించినది. కచేరీ పత్రికలో వాయించినవారి పేరు ఉంటుంది. కొయ్య తొలిచినవాని పేరు ఉండదు. సినిమా ఒక్కటే అతని చేతులను దగ్గరగా చూపగలదు. ఉలి దెబ్బ, రాలే పొట్టు, తొలిసారి తీగ మీటినప్పుడు అతడు చెవి ఒగ్గి వినే విధము, ఇవన్నీ మాటలకంటె తెరకే తగినవి.

గేటు బయటి పాట

ఇంతవరకు వ్రాసినది ఒక వైపు. రెండవ వైపు వ్రాయకుండా ఆపితే చరిత్రకు అన్యాయం చేసినవారమవుతాము.

ఆ కళాశాలలో నేర్పినది కర్ణాటక సంగీతం. మధుకరమన్నది బ్రాహ్మణ విద్యార్థులకు బ్రాహ్మణ గృహాలలో సాగిన ఆచారం. ఆ అమ్మల దయ గొప్పది. కాని ఆ కాలంలో మన ఊళ్ల చివర పేటలనుండి ఒక కుర్రవాడు అదే జోలెతో అదే గుమ్మం ముందు నిలబడగలిగేవాడా? ఈ ప్రశ్నకు జవాబు మన పెద్దలకు తెలుసును. ఆ కుర్రవానికి పాట రాక కాదు. అతని పాటకు ఆ వీధిలో త్రోవ లేదు.

అతని పాట మరొకచోట సాగినది. మన శృంగవరపుకోట నుండి అరకు దారి పట్టి ఘాటు ఎక్కితే కొండవారి థింసా ఎదురవుతుంది. తుడుము, డప్పు, మోరి, జోడుకొమ్ముల నాదానికి ఆడవారు ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు వేసి వలయముగా కదులుతారు. పల్లంలోనికి దిగితే గొల్లల తప్పెటగుళ్లు. రొమ్ము మీద రేకు పళ్లాలు కట్టుకొని రెండు చేతుల వాయిస్తూ, గెంతుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతూ పాడతారు. జముకుల కథ మరొకటి. ఒకవైపు తోలు మూసిన చిన్న పాత్రకు నడుమ తీగ బిగించి మీటితే, అది మనిషి మూలిగినట్లు, నవ్వినట్లు కూడ పలుకుతుంది. ఆ ఒక్క తీగ మీద తెల్లవార్లు కథ నడుపుతారు. శివరాత్రికి పుణ్యగిరి తీర్థానికి, అమ్మవారి పండుగలకు జనం గుమిగూడే మన ప్రాంతంలో ఈ కళలకు చూసేవారు కరవు కాలేదు, గౌరవమే కరవైనది.

ఈ బాణీలను పట్టుకొని పెద్ద వేదికలకు ఎక్కించినవారు పార్వతీపురం ప్రక్క పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావుగారు. 1972లో జననాట్యమండలిని నెలకొల్పినవారిలో ఒకరు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు సైతం ఆ పాటకు కాలు కదిపారు. ఉత్తరాంధ్ర పల్లె మాట, మన "ఎల్దాం, వద్దాం" అన్న యాస, నవ్వుటకు పనికివచ్చే మాటగా సినిమాలలో వాడబడుతున్న రోజులలో, అదే యాసతో ఆయన జనాన్ని ఏడిపించారు, ఆలోచింపజేశారు. 2020 ఆగస్టులో మరణించారు.

1959లో వచ్చిన "జయభేరి" అన్న చిత్రంలో, శాస్త్రీయ సంగీతం నేర్చిన యువకుడొకడు వీధిలో ఆడి పాడే స్త్రీని పెండ్లాడి వెలివేయబడతాడు. కథ కల్పితమే అయినా, గేటు లోపలి పాటకు, బయటి పాటకు నడుమ ఉన్న గోడను తెలుగు సినిమా అప్పుడే చూసినదన్నమాట. మన ప్రాంతపు సంగీతం మీద చిత్రం తీసేవారు ఆ గోడను చూపకుండా తీస్తే అది సగం కథే అవుతుంది.

రెండు పాటలు కలిసిన చోటు

ఆ గోడకు కొన్ని చోట్ల గండ్లు పడ్డాయి. అందులో ఒకటి మన చేతిలో ఉన్న కీర్తనల పుస్తకమని మా అభిప్రాయం.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరచి చూడండి. కీర్తన పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. ఆనందభైరవి, ముఖారి, మోహన, శంకరాభరణము. మనలో చాలమంది ఆ వరుసను చదువకుండా నేరుగా పల్లవికి పోతాము. మేము వేదాంత కళాశాలలో ఉన్నప్పుడు కీర్తన ఎత్తుకొనే ముందు రాగం పేరు చెప్పి ఎత్తుకొనమనేవారు. అప్పుడది విసుగనిపించేది. ఆ పేర్లలో ఎంత చరిత్ర ఉన్నదో ఇప్పుడు గ్రహిస్తున్నాము.

ఆ కీర్తనలలో పెక్కు రచించిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన ఉత్తరపు కొసవారే. ఒరిస్సా సరిహద్దు ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, సంస్కృతాంధ్రములు చదివి, క్రైస్తవుడై, తాను ఎరిగిన రాగతాళాలలోనే కీర్తనలు కూర్చారు. విజయనగరంలో సంగీత పాఠశాల పుట్టుటకు చాల ముందరి మాట ఇది. ఆ కీర్తనలు పాడినవారు ఎవరు? రాజాస్థానంలో గాని, సంగీత సభలో గాని అడుగు పెట్టుటకు వీలులేని మన తాతలు, అమ్మమ్మలు. అక్షరం రానివారు సైతం ముఖారిని ముఖారి అని ఎరుగకనే శుద్ధంగా పాడారు. కలుపు తీస్తూ పాడారు, ఊడ్పులలో పాడారు. పాడుతూ పాడుతూ తమ పల్లె బాణీని కొంచెం అందులో కలిపారు. అందుచేతనే ఒకే కీర్తన ఒక ఊరిలో ఒక తీరుగాను, మరొక ఊరిలో మరొక తీరుగాను వినబడుతుంది. గేటు లోపలి రాగం, గేటు బయటి గొంతు అలా కలిసాయి. ఇందులో మన గొప్ప చెప్పుకొనుటకు ఏమీ లేదు. జరిగిన సంగతి మాత్రమే వ్రాస్తున్నాము. అయితే సినిమా తీసేవారు వెదకని చోట ఈ సంగతి దాగి ఉన్నది గనుక చెప్పవలసి వచ్చినది.

ఎట్టి చిత్రం కావలెను?

ఒక్క మహానుభావుని పుట్టుక నుండి మరణం వరకు చూపి, చివర దండ వేసే చిత్రం మాకు అక్కరలేదు. నారాయణదాసుగారి ఒక్కరి కథ, ఘంటసాలగారి ఒక్కరి కథ, ఏది తీసినా బాగుంటుంది. కాని వారిని అలా చేసినది ఒక ఊరు. లోటు చూసి పాఠశాల పెట్టిన రాజు, కుర్చీ వేసిన పెద్ద, ఇంట ఉంచుకొని నేర్పిన గురువు, గిన్నెడు అన్నం జోలెలో వేసి లోపలికి వెళ్లిపోయిన ఇల్లాలు, కొయ్య తొలిచిన వడ్రంగి, వీరందరూ కలిస్తేనే ఒక పాట పుట్టినది. వీరిలో ఆ ఇల్లాండ్ర పేర్లు ఎక్కడా వ్రాయబడలేదు. తాము అన్నం పెట్టిన పిల్లవాడు రేపు ఏమవుతాడో వారికి తెలియదు. తెలిసి పెట్టినట్లయితే అది పెట్టుబడి అయి ఉండేది. చిత్రానికి కథానాయకుడు ఎవరని అడిగితే, ఆ ఊరే అని మా జవాబు. ఆ ఊరు ఎవరికి అన్నం పెట్టినదో చూపుతూ, ఎవరికి పెట్టలేకపోయినదో కూడ చూపవలెను. అప్పుడే అది నిజమైన చిత్రం.

చిత్రం తీయుట మన చేతిలో లేదు. దానికి డబ్బు కావలెను, ప్రతిభ కావలెను. మన చేతిలో ఉన్నది ఒకటి ఉన్నది. ఎవరైనా వచ్చి ఈ కథ తీయదలచిన నాటికి వారికి వినిపించుటకు పాత గొంతులు మిగిలి ఉండవలెను. వంగపండు వెళ్లిపోయారు, సంగీతరావుగారు వెళ్లిపోయారు. పేరులేని జముకు కథకులు, తప్పెటగుళ్ల గురువులు, మన సంఘాలలో పాత వరుసలు ఎరిగిన ముసలమ్మలు ఏటేటా తరుగుతున్నారు. ఒకప్పుడు పాట పట్టి ఉంచవలెనంటే మద్రాసు నుండి గ్రామఫోను కంపెనీవారు రావలసి ఉండేది. నేడు ప్రతి యువకుని జేబులో ఆ సాధనం ఉన్నది.

కాబట్టి మన యౌవనస్థుల సమాజాలవారికి ఒక మనవి. ఈ సంవత్సరం ముగిసేలోగా ప్రతి సంఘంలో డెబ్బది ఏండ్లు దాటినవారిని కూర్చుండబెట్టి, వారికి వచ్చిన కీర్తనలను వారి వరుసలోనే పాడించి, ఫోనులో పట్టి ఉంచండి. ఎవరి వద్ద నేర్చుకొన్నారో, ఏ ఊరిలో నేర్చుకొన్నారో అడిగి వ్రాసుకొనండి. వారిని దిద్దవద్దు, తాళం తప్పినా ఆపవద్దు. మీ ఊరిలో జముకు వాయించేవారు, తప్పెటగుళ్లు ఆడేవారు ఉంటే, వారు మన సంఘస్థులు కాకపోయినను వెళ్లి కూర్చుని వినండి, అనుమతి అడిగి వారి పాటను కూడ పట్టి ఉంచండి. వెళ్లేటప్పుడు వట్టి చేతులతో వెళ్లవద్దు. ఆ అమ్మలు జోలెలో వేసినపాటి అన్నమైనా కళాకారునికి మనం పెట్టగలము.